లోతైన పాత్ర ఒకటి, చిన్నవి నాలుగు

తిరుపతి సారు ఆ రోజు పొద్దున వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. టీ కాచుకోవాలి, వ్యాసానికి పాత్రలు తేల్చుకోవాలి, వనపర్తికి ఒక ఫోన్ చేయాలి, ఇటిక్యాల బస్సు ఎక్కాలి. ఇందులో టీ ఒక్కటే అనుకున్నట్టు జరిగింది. అది కూడా సగం పొంగిపోయింది.

సారు ఇటిక్యాల హైస్కూల్లో తెలుగు పండితుడు. గద్వాలలో హన్మమ్మ ఇంటి మేడమీద రెండు గదుల్లో అద్దెకుంటాడు. భార్య స్వరూప జబ్బు చేసి పోయి కొన్నేళ్లయింది, పిల్లల్లేరు. సొంతూరు మల్దకల్ దగ్గరే అయినా ఆయన నోట ఆ ఊరి మాట ఎవరూ వినలేదు. ఆటో అతన్ని కూడా "ఈ వాహనం ఎంతవరకు వెళ్తుంది నాయనా" అని అడుగుతాడు. ఆటో అతను ఒకసారి వెనక్కి తిరిగి చూసి, ఊరకే బండి పోనిస్తాడు. స్వరూపతో మాత్రం సారు తన ఊరి మాటే మాట్లాడేవాడు. ఆమె పోయాక ఆ మాటకు పని లేకుండా పోయింది.

ఇంతకీ వ్యాసం సంగతి. వనపర్తిలో ఒక సాహితీ సంస్థవాళ్లు ఆదివారం సదస్సు పెట్టారు. 'కథల్లో ఒంటరి పాత్ర' అన్నది విషయం. ఒక్కొక్కరికి పావుగంట. వంద మందికి తక్కువ రారని కరపత్రంలో రాశారు. మీరూ నేనూ అయితే పావుగంట కోసం అంతదూరం పోవడమెందుకని ఊరుకుంటాం. సారుకు అలా కాదు. ఆయన ఏం రాసినా స్వరూప వినేది. బియ్యంలో రాళ్లు ఏరుతూ, వాక్యం వాక్యానికి "ఊఁ" అనేది. అర్థమయ్యి అనేదో, అలవాటుకొద్దీ అనేదో ఆయన ఎప్పుడూ అడగలేదు. ఆ "ఊఁ" లేకుండా ఇన్నేళ్లూ ఎన్నో రాసి బీరువాలో పెట్టాడు. ఇప్పుడు పావుగంటసేపు మనుషులు ఎదురుగా కూర్చుని తన మాట వింటారంటే, రెండు వారాలుగా ఆయనకు సరిగా నిద్రే లేదు.

షరతు ఒక్కటే. ఏయే పాత్రల గురించి మాట్లాడతారో బుధవారంలోగా నిర్వాహకుడు కృష్ణయ్యకు ఫోన్లో చెప్పాలి. చెప్పనివారి సమయం మరొకరికి పోతుంది. ఈ కృష్ణయ్య వనపర్తిలో రిటైరైన లెక్చరర్. సారు ఆయన్ని దూరం నుంచి, వేదిక మీద ఒక్కసారి చూశాడంతే.

సారు ఫోన్లో మరో కృష్ణయ్య కూడా ఉన్నాడు. ఆయనది గద్వాలలో టెంట్ హౌస్. స్వరూప దినాలప్పుడు వంట గుండిగలు, కుర్చీలు ఆయన దగ్గరే తెచ్చారు. అందరూ 'కృష్ణయ్య టెంట్ హౌస్' అని పేరు దాచుకుంటారు. తెలుగు పండితుడు ఇంగ్లీషు ముక్క తగిలించడానికి ఒప్పుకోలేదు. 'కృష్ణయ్య గారు' అని రాసుకున్నాడు. వనపర్తి లెక్చరర్ నంబరు వచ్చినప్పుడు ఆయన్నీ 'కృష్ణయ్య గారు' అనే రాసుకున్నాడు. పెద్దమనిషికి గారు తీసేస్తే ఏం బాగుంటుంది చెప్పండి.

అలా ఇద్దరు కృష్ణయ్య గార్లు ఒకరి కింద ఒకరు ఉండగా, సారు పై కృష్ణయ్య గారిని నొక్కాడు.

"నమస్కారం కృష్ణయ్య గారూ. నేను తిరుపతిని, తెలుగు పండితుణ్ణి. పాత్రల విషయమై మాట్లాడదామని."

అవతల పలికింది టెంట్ హౌస్ కృష్ణయ్య. ఆయనకు తిరుపతి సారు తెలుసు, సారు భాషా తెలుసు. మనం బువ్వ అంటే సారు భోజనం అంటాడు. మనం బోళ్లు అంటే సారు పాత్రలంటాడు. అందులో అర్థం కానిదేముంది?

"చెప్పుండ్రి సారూ. ఎన్ని గావాలె?"

"ఎక్కువ పెడితే అసలు విషయం పలచబడుతుంది. ప్రధాన పాత్ర ఒకటి. చుట్టూ చిన్న పాత్రలు నాలుగు చాలు."

"ఆ పెద్దది ఎంత లోతుండాలె?"

సారు ఒళ్లు ఝల్లుమంది. పాత్రకు లోతు ఎంత ఉండాలని అడిగిన మనిషి ఆయనకు ఇన్నేళ్ల ఉద్యోగంలో తగల్లేదు. పైగా ఇంత చదువుకున్నవాడు ఎంత మామూలుగా, మన పాలమూరు మాటలో అడుగుతున్నాడు. సారు కుర్చీ మీద ముందుకు జరిగాడు.

"ఎంత లోతుంటే అంత మంచిది. పైకి మామూలుగానే కనబడాలి. లోపలికి తొంగిచూస్తే మాత్రం భయం వేయాలి."

"గసుంటిది ఒక్కటున్నది సారూ. పాతది. ఇప్పుడొచ్చేటియన్ని పల్చగుంటున్నయి, జర తాకితె సొట్ట వడ్తున్నయి. పాతయి ఎన్ని మంటల మీద వెట్టినా గట్లనే ఉంటయి."

ఈ మాటను సారు గబగబా కాగితం మీద రాసుకున్నాడు. ఇంత చక్కటి విమర్శను ఆయన ఈ మధ్య ఏ పుస్తకంలోనూ చదవలేదు. జనం ఎంతమంది అవుతారని కృష్ణయ్య అడిగితే, వందకు తగ్గరని ఆశ అన్నాడు. ఆదివారమే కదా అంటే ఆదివారమే, పదింటికే అన్నాడు. జాగా సంగతి నాకెర్కనే, మీరు పరేషాన్ గాకుండ్రి అని కృష్ణయ్య భరోసా ఇచ్చాడు. సదస్సు ఏర్పాట్లు చూసేది ఆయనే కాబట్టి సారుకు ఆ మాటా సబబుగానే తోచింది.

కృష్ణయ్యకు ఒక్క సందేహం మిగిలింది. కిందటిసారి సారు ఇంటికి బోళ్లు పంపింది దినాలకు.

"శుభమే గద సారూ?"

సారు నిట్టూర్చాడు. వ్యాసాన్ని శుభాంతమైన కథతో ముగించాలా, విషాదాంతమైన కథతోనా అన్నదే ఆయన్ని రెండు వారాలుగా తింటున్న ప్రశ్న.

"మొదలంతా విషాదమే. భార్య పోయినవాడు, ఒక్కడే వండుకు తింటున్నవాడు. కాని ముగింపు మాత్రం శుభమే చేద్దామనుకుంటున్నాను. చివరికి ఒక తోడు దొరకాలి కదా కృష్ణయ్య గారూ."

"దొరకాలె సారూ. ఎన్ని దినాలని ఒక్కరే ఉంటరు. ఆమె ఎవరు మరి?"

"అదే ఇంకా తేల్చలేదు. ఇద్దరున్నారు మనసులో. శనివారం నాటికి ఒకరిని తీసేస్తాను."

కృష్ణయ్య ఫోన్ పెట్టేసి, లెక్కల పుస్తకంలో ఆదివారం కింద సారు పేరు రాసుకున్నాడు. అంత నెమ్మదైన మనిషిలో ఇంత తెగువ ఉందని ఆయన అనుకోలేదు. ఇటు సారేమో ఇటిక్యాల బస్సు తప్పిపోయినా లెక్కచేయలేదు. ఆ వేళ షేర్ ఆటోలో ఒక మూల ఇరుక్కుని కూర్చుని, తనలో తాను నవ్వుకుంటూ బడికి పోయాడు.

టెంట్ వేయాలంటే ఇంటి ముందు జాగా కావాలి కదా. కృష్ణయ్య ఆ సాయంత్రమే హన్మమ్మ భర్త కురుమయ్యకు చెప్పాడు. కురుమయ్య హన్మమ్మకు చెప్పాడు. హన్మమ్మకు చెప్పాక మైకు పట్టుకుని వేరే చెప్పాల్సిన అవసరం ఉండదు. తిరుపతి సారుకు ఆదివారం రెండో పెండ్లట, ఇద్దరిని చూసుకున్నడట, ఎవరనేది శనివారం చెప్తడట అని రెండోరోజుకల్లా గల్లీ గల్లీకి ఎర్కైంది.

ఇక్కడ హన్మమ్మ సంగతి కొంచెం చెప్పాలి. స్వరూప దినాలు అయిపోయి చుట్టాలు వెళ్లిన మర్నాడు, ఆమె ఒక స్టీలు గిన్నెలో పప్పు పెట్టి మేడమీదికి పంపింది. గిన్నె మీద హన్మమ్మ అని పేరు కొట్టించి ఉంది. సారు తిన్నాడు, గిన్నె తోమాడు, తిరిగి ఇద్దామని మెట్ల దాకా వచ్చి ఆగిపోయాడు. ఒకరింటి గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వరు. ఇన్ని చక్కెర పలుకులైనా వేసి ఇవ్వాలి. స్వరూప ఎన్నడూ ఖాళీగా ఇవ్వలేదు. ఆ రోజు ఇంట్లో చక్కెర లేదు.

చక్కెర తెచ్చేసరికి వారం దాటింది. ఇంత ఆలస్యానికి వట్టి చక్కెర ఏం బాగుంటుంది, పాయసం చేసి ఇద్దామనుకున్నాడు. పాయసం మాడింది. ఇంకో నెల గడిచేసరికి పాయసం కూడా చాలదనిపించింది, పూర్ణం పెట్టి భక్షాలైనా చేయాలనుకున్నాడు. భక్షాలు ఆయన వల్ల అయ్యే పనేనా? ఆ తర్వాత హన్మమ్మ గడపలో కనబడితే చాలు, సారు చెప్పులు చేతిలో పట్టుకుని పిల్లిలా మెట్లెక్కడం మొదలుపెట్టాడు. ఈయనకు పొగరని ఆమె అనుకుంది. గిన్నె పోతే పోయింది, మనిషితో మాటైనా లేదాయె అని కురుమయ్యతో అని, తర్వాత ఆ మాట కూడా మానేసింది. ఒక పిడికెడు చక్కెర లేక ఒక మనిషికి లోకంతో మాట పోయింది.

అలాంటి హన్మమ్మ గురువారం సాయంత్రం మెట్ల దగ్గర సారుకు అడ్డంగా నిలబడింది. సారుకు గిన్నె గుర్తొచ్చి చెమటలు పట్టాయి. ఆమె గిన్నె మాట ఎత్తలేదు.

"ఆదివారం ముచ్చట ఇన్న సారూ. మంచి పని చేస్తున్నవ్."

సారు నమ్మలేకపోయాడు. సాహిత్య సదస్సు సంగతి ఈమె దాకా వచ్చిందంటే గద్వాలను తాను తక్కువ అంచనా వేసినట్టే. ఎప్పటినుంచో అనుకుంటున్నాననీ, ధైర్యం చాలక ఆగాననీ ఒప్పుకున్నాడు. అవును, ధైర్యమే కావాలె అని హన్మమ్మ తలూపింది. ఆ ఇద్దరిలో ఎవరనేది తేలిందా అని మెల్లగా అడిగింది.

"ఇంకా లేదమ్మా. ఒకామె చాలా నెమ్మది. మాట పైకి రాదు. రెండో ఆమె గట్టి మనిషే, నాకు ఇష్టం కూడా. కాని ఆమె చివర్లో బావిలో దూకుతుంది."

హన్మమ్మ గోడ పట్టుకుంది. కాసేపటికి తేరుకుని, కన్నతల్లి చెప్పినట్టు చెప్పింది. "బావిల దుంకేదాన్ని ఎందుకు సారూ పైన వేసుకునుడు. ఇంటికి దీపం వెట్టేదుండాలె గని. నెమ్మది ఆమెనే తీస్కో."

సారు ఆలోచనలో పడ్డాడు. నిజమే. ఆయన ఇన్ని రోజులుగా తెంచలేని చిక్కుముడిని ఆమె ఒక్క మాటలో తెంచింది. ఆ సాయంత్రం కూర్చుని, గట్టి మనిషి గురించి రాసిన భాగమంతా కొట్టేశాడు. కింద హన్మమ్మ, బావిలో దూకేదాన్ని సారుతో మాన్పించానని వచ్చినవాళ్లకల్లా చెప్పుకుంది.

శుక్రవారం చీరల దుకాణం మాసయ్య సంచి భుజాన వేసుకుని మేడెక్కాడు. ఆదివారం మేడంకు పెట్టడానికి ఒక మంచి గద్వాల చీర చూడమని, సారు ముందు నాలుగు విప్పాడు. సదస్సుకు వచ్చే ముఖ్య అతిథి ఆడమనిషని సారు కరపత్రంలో చదివాడు. సన్మానానికి చీర కావాలి కాబట్టి, గద్వాల మనిషి కదా అని తన సలహా అడుగుతున్నారనుకున్నాడు. ఆయన చేయి తనకు తెలియకుండానే ముదురాకుపచ్చ మీదికి పోయింది. దాని అంచు కుంకుమ రంగు. స్వరూప పెళ్లినాటి చీరది ఆ రంగే. ఇది బాగుంటుందని సారు అన్నాడు గాని, మాట సగంలోనే ఆగింది. పెండ్లికొడుకు సిగ్గనుకుని మాసయ్య ఆ చీరను పక్కకు తీసి పెట్టుకున్నాడు.

బడిలో లెక్కల సారు జగదీశ్ చేయి పట్టుకుని గట్టిగా ఊపాడు. బస్సులో ఎవరో లేచి సీటిచ్చారు. మనుషులు ఎదురుపడితే నవ్వుతున్నారు, ఆగి పలకరిస్తున్నారు. ఒక వ్యాసం, అదీ ఇంకా చదవని వ్యాసం ఇంత పని చేస్తుందా అని సారు ఆశ్చర్యపోయాడు. ఆ వారమంతా ఆయన చెప్పులు చేతిలో పట్టుకోకుండానే మెట్లెక్కాడు.

శనివారం సాయంత్రం, తెల్లవారి ఎన్నింటి బస్సుకు రావాలో కనుక్కుందామని వనపర్తికి ఫోన్ చేశాడు. ఈసారి కింది కృష్ణయ్య గారిని నొక్కాడు. ఇది కావాలని చేసింది కాదు, వేలు అటు పడిందంతే. అవతలి గొంతు గంభీరంగా, పొడిపొడిగా ఉంది. తిరుపతి గారా, మీరు బుధవారంలోగా పాత్రల వివరం తెలపలేదు, కనుక మీ పావుగంటను నాగర్‌కర్నూల్ ఉపన్యాసకురాలు రేణుక గారికి ఇచ్చాం, మీ వ్యాసం రాతలో పంపితే సంచికలో వేయగలం అన్నది ఆ గొంతు చెప్పిన దాని సారాంశం.

"అయ్యా, మీతో నేను చాలాసేపు మాట్లాడాను. పాత్ర లోతు ఎంత ఉండాలని మీరే అడిగారు."

"నేను అలా ఎవరినీ అడగనండీ" అని ఆ గొంతు మర్యాదగానే ఫోన్ పెట్టేసింది.

పావుగంట పోయినందుకు కాదు సారు బాధ. పోయినందుకు కూడా అనుకోండి. కాని తన జీవితంలో ఒక్క మనిషి, స్వరూప తర్వాత ఒకే ఒక్క మనిషి, తాను చెప్పేది అర్థం చేసుకుని మాట్లాడాడనుకున్నాడు. ఆ మనిషికి తానెవరో కూడా గుర్తు లేదు. సారు ఫోన్ ఆపేసి పక్కన పడేశాడు. అన్నం వండలేదు. ఇస్త్రీ చేయించి పెట్టుకున్న తెల్లచొక్కా కొక్కేనికి వేలాడుతుంటే, దాన్ని చూడలేక అటు తిరిగి పడుకున్నాడు.

ఆదివారం పొద్దున గిన్నెల చప్పుడుకు మెలకువ వచ్చింది. లుంగీ బనీన్ల మీదనే కిందికి వచ్చి చూస్తే ఇంటి ముందు రంగుల టెంట్, కుర్చీలు, గాడిపొయ్యి. ఆటో ట్రాలీలోంచి నలుగురు కలిసి ఒక గుండిగను దింపుతున్నారు. అందులో ఒక మనిషి హాయిగా కూర్చోవచ్చు. గల్లీలో ఆడవాళ్లంతా పట్టంచు చీరల్లో ఉన్నారు. కురుమయ్య తలకు కొత్త రుమాలు చుట్టాడు. జగదీశ్ కూడా పొద్దుటి బస్సుకే వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. మాసయ్య చేతిలో ఆకుపచ్చ చీర పొట్లం ఉంది.

టెంట్ హౌస్ కృష్ణయ్య ఎదురొచ్చాడు. "రాత్రి నుంచి ఫోన్ చేస్తున్న సారూ, కలుస్తలేదు. మీరు చెప్పిన పెద్ద పాత్ర తెచ్చిన. చిన్నయి నాలుగు ఆడున్నయి. లోతు చూసుకోండ్రి."

సారు ఆ గొంతు గుర్తుపట్టాడు. మెల్లగా పోయి గుండిగ అంచు పట్టుకుని లోపలికి తొంగిచూశాడు. పైకి మామూలుగానే ఉంది. లోపల ఏమీ లేదు. ఆ ఖాళీలోకి చూస్తూ ఉండగా ఆ వారం జరిగిందంతా, పలకరింపులూ నవ్వులూ బస్సులో సీటూ అన్నీ, ఒక్కొక్కటే ఆయనకు తేటతెల్లమయ్యాయి. ఇవన్నీ తన వ్యాసానికి వచ్చినవి కావు.

ఇంతలో హన్మమ్మ దగ్గరికి వచ్చి, పిల్ల ఎప్పుడొస్తుందని అడిగింది. సారుకు కష్టకాలంలో పుస్తకం భాష తప్ప మరొకటి రాదు.

"ఆమె కల్పిత, అమ్మా."

"కల్పితనా? పేరు మంచిగనే ఉన్నది" అంది హన్మమ్మ. కల్పితట, కల్పితట అని పేరు కుర్చీల వెనకదాకా పోయింది. ఏ ఊరు అని ఎవరో అడిగారు. నెమ్మదైన పిల్లేనట అని ఇంకెవరో చెప్పారు. సారు చేతులు ఊపుతూ, అది కథలోని పాత్ర అనీ, పాత్ర అంటే గిన్నె కాదనీ, ప్రధాన పాత్ర అంటే గుండిగ కాదనీ చెప్పబోయాడు. ఎంత చెబితే అంత చిక్కుపడింది. కృష్ణయ్య కంగారుపడి, గుండిగ చాలకపోతే ఇంకోటి తెప్పిస్తానన్నాడు.

సారు అక్కడే ఒక కుర్చీలో కూలబడ్డాడు. అప్పుడు ఆయన నోట, స్వరూప పోయిన నాటి నుంచి ఎవరూ వినని మాట బయటికొచ్చింది.

"ఎవ్వరు లేరక్కా. ఎవ్వరొస్తలేరు. నేనొక్కన్నే ఉన్న."

ఆ మాటలు అందరికీ అర్థమయ్యాయి. సారు తలెత్తకుండా, మల్దకల్ మాటలోనే, ఉన్నదున్నట్టు చెప్పుకుపోయాడు. వ్యాసం సంగతి, ఇద్దరు కృష్ణయ్యల సంగతి, బావిలో దూకేది కథలో మనిషన్న సంగతి, వనపర్తిలో తన పావుగంట పోయిన సంగతి. ముందుగా కురుమయ్య నవ్వాడు. తర్వాత కృష్ణయ్య నెత్తిన చేయి పెట్టుకున్నాడు. మాసయ్య చీర పొట్లాన్ని వెనక్కి దాచుకున్నాడు. హన్మమ్మ మాత్రం నవ్వలేదు.

"ఎవ్వరు రాలేదంటవేంది సారూ. మేమొచ్చినం గద."

హన్మమ్మ జవాబు కోసం ఆగలేదు. ఇంటి ముందు పొయ్యి పెట్టినాక ఖాళీ గుండిగను వాపస్ పంపుతారా అంటూ కొంగు నడుముకు బిగించింది. మా ఇంట్ల బియ్యమున్నయి అని ఒకరు, కందిపప్పు నేను తెస్తానని ఒకరు, ఉల్లిగడ్డలు, పచ్చిమిరపకాయలు, నూనె, అట్లా ఇంటికింత చేరింది. కురుమయ్య చేను నుంచి తెంపిన వంకాయలు బుట్టతో తెచ్చాడు. గంట తిరిగేసరికి ఆడవాళ్లు చాప పరిచి, చాటల్లో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతున్నారు.

"ఊరికె కూసున్నం గద, అదేదో సదువు సారూ" అంది హన్మమ్మ.

సారు మేడమీదికి పోయి తెల్లచొక్కా వేసుకుని, కాగితాలు పట్టుకుని దిగాడు. చదవబోయి, మొదటి వాక్యం చూసి, కాగితాలు మడిచి పక్కన పెట్టాడు. ఊరి మాటలోనే చెప్పసాగాడు. కథల్లో ఒక్కడే బతికే మనిషి ఎట్లుంటాడు, పొద్దున ఎవరికోసం లేస్తాడు, వాని చుట్టూ పాలమనిషి, ఎదురింటివాళ్లు ఎందుకుంటారు, వాళ్లు ఎందుకు లోపలికి రారు. హన్మమ్మ చాటలోంచి ఒక రాయి తీసి పక్కన పడేసి, "ఊఁ" అంది. సారు ఆగిపోయాడు. "ఏమైంది సారూ, చెప్పు" అంటే, ఏం లేదక్కా అని కళ్లు తుడుచుకుని, మళ్లీ అందుకున్నాడు. పావుగంట దాటింది, ఇంకో పావుగంటా దాటింది. ఎవరూ లేవలేదు.

బావిలో దూకిన ఆమె మీద పెద్ద వాదన నడిచింది. ఆమెను దూకనిచ్చిన కథే తప్పని ఆడవాళ్లంతా తీర్మానించారు. చివరికి హన్మమ్మ ఒక ప్రశ్న వేసింది.

"ఎదురింటోళ్లు రాలేదు సరే. మరి ఆయనే వాళ్లింటికి ఎందుకు వోలేదు?"

వ్యాసంలో సారు ఆ సంగతి ఎక్కడా రాయలేదు. రెండు వారాలు తలబాదుకున్నా ఆయనకు తట్టలేదు. ఆయన లేచి మళ్లీ మేడెక్కి, పేరు కొట్టించిన గిన్నె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఖాళీ గిన్నె ఎట్లియ్యాలె అని ఉంచుకున్న అక్కా, గందుకే వోలేదు అన్నాడు.

హన్మమ్మ గిన్నెను తిప్పి తిప్పి చూసింది. అద్దంలా మెరుస్తోంది. ఇన్నేళ్లూ వాడకపోయినా వారం వారం తోమినట్టుంది. "పిడికెడు చక్కెరతోని అయ్యేదానికి ఇంత చేసినవ్ సారూ" అంది. గొంతులో కోపం ఉంది గాని, కోపం ఒక్కటే లేదు.

బగారన్నం, వంకాయ కూర అయ్యాయి. వంద మంది అయ్యారో లేదో ఎవరూ లెక్కపెట్టలేదు, గుండిగ మాత్రం అడుగు దాకా ఖాళీ అయింది. సారు మొదటి గంటె హన్మమ్మ గిన్నెలోనే వేయించి, రెండు చేతులతో ఆమెకు ఇచ్చాడు. సాయంత్రం కృష్ణయ్య సామాను ట్రాలీకి ఎక్కిస్తూ గుండిగను చేత్తో తడిమాడు.

"పెద్ద పాత్రకు జర సొట్ట వడ్డది సారూ. ఏం గాదు, పనికొస్తది."

తెల్లవారి గిన్నె మేడమీదికి తిరిగి వచ్చింది, నిండా పచ్చిపులుసుతో. సారు ఈసారి పాయసం జోలికి పోలేదు. పిడికెడు చక్కెర పోసి అదే సాయంత్రం ఇచ్చేసి, కాసేపు గడపలో కూర్చుని కూడా వచ్చాడు.

ఆ వారమే వ్యాసం పూర్తిచేశాడు. ముగింపులో, పాత పాత్రల గురించి కృష్ణయ్య ఆ రోజు ఫోన్లో అన్న మాటనే పెట్టాడు, ఒక్క అక్షరం దిద్దకుండా. వనపర్తి నుంచి జవాబు వచ్చింది. వ్యాసం బాగుందనీ, ముఖ్యంగా ముగింపు వాక్యం లోతుగా ఉందనీ, కాని దానికి ఆకరం చూపలేదనీ, రచయిత పేరూ ప్రచురణ వివరాలూ వెంటనే తెలపాలనీ రాశారు. సారు తన రాతలో మొట్టమొదటిసారి ఇంగ్లీషు ముక్క చేర్చి పంపాడు: కృష్ణయ్య, టెంట్ హౌస్, గద్వాల.